వచ్చిపోయే పసుపు లైటు: స్పోర్ట్స్ కారు పెట్టుకున్నవాళ్లకు పాతబస్తీ నుంచి పన్నెండు మాటలు

పాతబస్తీకి మోటారు కారు కొత్త కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల నాటి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ పసుపు రంగులో మెరుస్తూ ఇప్పటికీ కొలువుంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బర్గరు, బూటు, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లు చూడొచ్చు. ఈ మధ్య మా గల్లీల్లోకి ఇంకో రకం బండ్లు దిగాయి. రెండు తలుపులు, నేలకు ఆనే పొట్ట, ఆక్సిలరేటర్ తొక్కితే నాలుగు వీధులకు వినపడే గొంతు. చాలావరకు సెకండ్ హ్యాండ్‌వే. వాటి ఓనర్లు పట్టుకొచ్చే ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే: "కాకా, చెక్ ఇంజన్ లైటు వస్తోంది, పోతోంది. ఎవరికైనా చూపిద్దామని తీసుకెళ్తే రాదు."

నేను షాలిబండ వైపు కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ని. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు గీకిన కాలం నుంచి స్కానర్ల కాలం దాకా ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పుడు షాపు పిల్లలు చూసుకుంటున్నారు. వాళ్లకూ, బండి ఓనర్లకూ చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. ముందు రంగు చూడు, తర్వాత తీరు చూడు

ఎర్ర లైటు వేరు, పసుపు లైటు వేరు. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి ఇంజన్ ఆపాల్సిందే, "ఇంటిదాకా వెళ్లి చూద్దాం" అనే మాటే లేదు. పసుపు రంగులో ఇంజన్ బొమ్మ నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు అక్కర్లేదు. నిదానంగా ఇంటికి చేరి చూపించుకోవచ్చు. అదే బొమ్మ టపటపా కొట్టుకుంటుంటే సంగతి వేరు. ఏదో సిలిండర్ మిస్ కొడుతోంది, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోతోంది, అక్కడున్న కెటలిటిక్ కన్వర్టర్‌లో అంటుకుంటోంది. వెంటనే ఆక్సిలరేటర్ వదిలెయ్యాలి, వీలైనంత త్వరగా పక్కన ఆపాలి. ఒక కాయిల్ ఖర్చుతో పోయేదాన్ని లక్షల్లోకి తెచ్చుకునేది ఇక్కడే.

2. ఈ లైటు ఎందుకు పుట్టిందో తెలిసి ఉండాలి

ఇది ఇంజన్‌ని కాపాడటానికి పెట్టిన లైటు అనుకుంటారు. అసలు పుట్టింది పొగ కోసం. గాలి పాడైపోతోందని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1988 మోడల్ కార్ల నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. 1996 నుంచి ఆ దేశంలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్లు వచ్చాయి. మన దగ్గర 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 మొదలైన పదమూడు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఓబీడీ, అంటే బండి తన తప్పులను తానే కనిపెట్టుకునే ఈ ఏర్పాటు, మొదటి దశ అప్పుడే వచ్చింది, రెండో దశ 2013 ఏప్రిల్‌లో. పొగ కోసం పెట్టింది కాబట్టే, ఈ లైటు వచ్చినా బండి చక్కగా పరిగెత్తవచ్చు. లైటు లేకపోయినా గేర్‌బాక్సు అరుస్తుండవచ్చు. లైటు లేదంటే బండి బాగుందని కాదు.

3. లైటు ఆరిందంటే జబ్బు తగ్గిందని కాదు

వచ్చిపోయే లైటు వెనకున్న లెక్క చాలామందికి తెలియదు. చాలా లోపాలను కంప్యూటర్ మొదటిసారి చూసినప్పుడు లైటు వెయ్యదు, 'పెండింగ్' అని రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు లైటు వేస్తుంది. ఆ తర్వాత వరసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష చేసి తప్పు కనపడకపోతే లైటు తానే ఆర్పేస్తుంది. కోడ్ మాత్రం లోపలే ఉంటుంది. ఇంజన్ చల్లగా మొదలై పూర్తిగా వేడెక్కడం ఓ నలభైసార్లు జరిగాకే అది చెరిగిపోతుంది. కాబట్టి "నిన్న వచ్చింది, ఇవాళ పోయింది, ఇంకేం చూపిస్తాం" అనకండి. లైటు లేనప్పుడు కూడా స్కానర్ పెడితే చరిత్ర దొరుకుతుంది.

4. రాసుకోకుండా చెరపకు

లైటు పోగొట్టడానికి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పెట్టడం మన దగ్గర పాత అలవాటు. దాంతో కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా పోవచ్చు. తప్పు జరిగిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్పీఎం, ఎంత స్పీడు, ఎంత లోడు అన్న లెక్కలను కంప్యూటర్ దాంట్లో దాచిపెడుతుంది. కూలెంట్ 104 డిగ్రీలు, స్పీడు గంటకు 4 కిలోమీటర్లు, ఇంజన్ 750 ఆర్పీఎం అని ఉందనుకోండి. ఆ బండి రంజాన్ రాత్రి పాతబస్తీ ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లినప్పుడు తప్పు దొరికిందన్నమాట. కూలెంట్ 25 డిగ్రీలు ఉంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు. ఈ సంగతి ఓనర్‌కే గుర్తుండదు, బండికి గుర్తుంటుంది. స్కానర్ తెరను మొబైల్‌లో ఒక ఫొటో తీసుకుని, ఆ తర్వాతే చెరపండి.

5. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు చెప్పదు

పీ0171 వచ్చిందంటే పెట్రోలు పాలు తక్కువై గాలి ఎక్కువైందని అర్థం. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చెయ్" అంటే అన్యాయం. ఆ సెన్సర్ ఉన్నమాట చెప్పింది, అంతే. స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి, అంటే కంప్యూటర్ మామూలు కన్నా పెట్రోలు ఎంత ఎక్కువ తక్కువ పోస్తోందన్న లెక్క. ఐడిల్‌లో 18 శాతం ఎక్కువ పోస్తూ, 2500 ఆర్పీఎం దగ్గరకు రాగానే 3 శాతానికి దిగిందంటే ఎక్కడో వాక్యూమ్ పైపు చీలి గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఐడిల్‌లో బాగుండి, లోడు పడ్డకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలి కొలిచే సెన్సర్ వైపు చూడాలి. ఒకటే కోడ్, రెండు వేర్వేరు రిపేర్లు. మొదటిదానికి రబ్బరు పైపు ముక్క చాలు.

చిన్న బ్లూటూత్ స్కానర్ ప్రతి ఓనర్ దగ్గరా ఉండటం మంచిదే. మామూలు కోడ్లు అది చదువుతుంది. కంపెనీ సొంత కోడ్లకు మాత్రం ఆ కంపెనీ బండ్లు చదివే పెద్ద స్కానర్ కావాలి. ఇంకో మాట, చదవడం అయిపోగానే దాన్ని పీకెయ్యండి. సాకెట్‌లోనే వదిలేస్తే, వారాల తరబడి నిలబడే బండిలో బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తుంది.

6. ఎప్పుడు వస్తుందో పట్టుకుంటే సగం పని అయినట్టే

ఎప్పుడూ వెలిగే లైటుకు కోడ్ కావాలి. అప్పుడప్పుడు వెలిగేదానికి సందర్భం కావాలి. అందుకే నేను బానెట్ లేపే ముందు అడిగే ప్రశ్నలు ఇవి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లోనా, ట్రాఫిక్‌లో నానాక? వాన పడ్డాకా, బండి కడిగించాకా? పెట్రోలు పోయించాకా? అవుటర్ రింగ్ రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడా, గుంతల్లో ఎగిరినప్పుడా?

వేడికి వచ్చేదైతే ఇగ్నిషన్ కాయిల్, క్రాంక్ సెన్సర్ లాంటివి అనుమానించాలి. వేడెక్కితే లోపలి తీగ వదులై, చల్లారితే మళ్లీ అతుక్కునే రకాలవి. తడికి వచ్చేదైతే కప్లర్లు, ప్లగ్గు గుంతల్లో నీళ్లు. కుదుపుకు వచ్చేదైతే వైరింగ్, ఎర్త్. పూర్తి లోడుకే వస్తే పెట్రోలు ప్రెషర్, అరిగిన ప్లగ్గులు, టర్బో బండి అయితే గాలి పైపుల క్లిప్పులు. తారీకు, టైము, వాతావరణం, ఎక్కడ, ఎంత స్పీడు అన్నది ఓనర్ రెండు మూడుసార్లు రాసి తెస్తే నాకు సగం రోజు పని తప్పుతుంది, ఆయనకు సగం రోజు కూలి తప్పుతుంది.

7. నిలబడిన బండికి మొదటి వైద్యం బ్యాటరీది

స్పోర్ట్స్ కారును వారం పొడుగునా కవర్ కప్పి ఆదివారం తీస్తారు. నిలబడినా లోపల చిన్న చిన్న కంప్యూటర్లు కరెంటు తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ బలహీనపడితే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ కుంగి, ఒకదానికొకటి సంబంధం లేని కోడ్లు అరడజను ఒకేసారి పడతాయి. అలా గుంపుగా కోడ్లు పడిన బండి వస్తే మల్టీమీటర్ తీసి బ్యాటరీతో మొదలుపెట్టాలి. రాత్రంతా నిలిచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కిందికి పోకూడదు. ఇంజన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ఎర్త్. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి, మీటర్ ఒక తీగ ఇంజన్ బ్లాకుకు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ పట్టీ కింద తుప్పో, వదులైన బోల్టో ఉన్నట్టే. ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే నయమయ్యే జబ్బు ఇది. దీనికి సెన్సర్ల మీద సెన్సర్లు మార్చిన బండ్లు మా షాపుకు చాలా వచ్చాయి.

8. సెన్సర్ కన్నా ముందు కప్లర్ విప్పి చూడు

లాల్‌దర్వాజా నుంచి ఒక అబ్బాయి తెచ్చిన జర్మన్ టూ-సీటర్ సంగతి చెబుతాను. మూడో సిలిండర్ మిస్ అని కోడ్, వానాకాలంలోనే లైటు. అప్పటికే వేరేచోట కాయిల్ కొత్తది వేశారు, ప్లగ్గులు కొత్తవి వేశారు. మా చిన్నోడు కాయిల్ కప్లర్ తాళం లేపి లాగాడు, టార్చి పట్టాడు. నాలుగు పిన్నుల్లో మూడు బంగారు రంగులో తళతళలాడుతున్నాయి, ఒకదాని మొదట్లో మాత్రం ఆవగింజంత పచ్చని చిలుము. ఆడ పిన్ను కూడా నోరు తెరిచి వదులైంది. ఎండాకాలం ఆ కాస్త అంటుకోవడం సరిపోయింది. చెమ్మ చేరగానే కరెంటు ఆగింది. ఇంజన్ ఆన్‌లో పెట్టి, స్కానర్‌లో మిస్‌ఫైర్ లెక్క చూస్తూ, ఆ వైరును వేలితో మెల్లగా ఊపాడు. ఊపినప్పుడల్లా అంకె పెరిగింది, వదిలితే ఆగింది. పిన్ను మార్చి, సీలు రబ్బరు కొత్తది వేశాం. కొత్త కాయిల్ కొన్న డబ్బు మాత్రం ఆ అబ్బాయికి వెనక్కి రాలేదు.

ఎలుకల సంగతీ మరవద్దు. పాత ఇళ్ల కింద గ్యారేజీల్లో, నాలాల పక్కన పందికొక్కులు వెచ్చదనం కోసం ఇంజన్ మీదికి ఎక్కి వైరింగ్ కొరుకుతాయి. తీగ పూర్తిగా తెగితే లైటు ఎప్పుడూ ఉంటుంది. పైతొడుగు మాత్రమే పోతే వచ్చిపోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మా పనిలో ఎలుకను వదిలేసి కొండను తవ్వేవాళ్లే ఎక్కువ. బానెట్ కింద ప్రెషర్ పంపుతో కడిగించడం మానండి, తడిబట్టతో తుడిస్తే చాలు.

9. సెకండ్ హ్యాండ్ కొంటుంటే నీటి గుర్తులు వెతుకు

2020 అక్టోబరు వరదల్లో హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వైపు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి, కార్లు కొట్టుకుపోయాయి. మునిగిన కారును తుడిచి, పాలిష్ పట్టి, సీట్లు మార్చి ఊరు దాటిస్తే కొన్నవాడికి తెలియదు. ఒకటి రెండేళ్లకు సీట్ల కింది కప్లర్లలో, కార్పెట్ కింది జాయింట్లలో చిలుము మొదలవుతుంది. ఇక లైటు ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. కొనేముందు సీటు కింది బోల్టులు, సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత, స్పేర్ వీల్ గుంత, ఫ్యూజ్ బాక్సు వెనక చూడండి.

తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు చెక్ ఇంజన్ లైటు వెలగాలి, అది లైటు పనిచేస్తోందని చెప్పే పరీక్ష. వెలగకపోతే ఎవరో ఆ బల్బునే తీసేశారేమో అనుమానించండి. స్కానర్‌లో 'రెడీనెస్' చూడండి. పరీక్షలు ఇంకా పూర్తికాలేదని వరసగా చూపిస్తే, మీకు చూపించేముందే ఎవరో కోడ్లు చెరిపి ఉండొచ్చు.

10. కొనకముందు మార్చి చూడు

రెండో సిలిండర్ కాయిల్ మీద అనుమానం ఉంటే దాన్ని నాలుగో సిలిండర్‌కి వేసి నడపండి. కోడ్ పీ0302 నుంచి పీ0304కి మారితే దోషం కాయిల్‌ది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, వైరు, కంప్రెషన్ అని వరసగా వెళ్లాలి. ఒకేసారి రెండు మార్చకండి, ఏది నయం చేసిందో తెలియదు. స్పేర్ల మాట కూడా చెబుతాను. జుమ్మేరాత్ బజార్‌లో పానాలు కొనుక్కోండి, తప్పు లేదు. సెన్సర్లు, కాయిల్స్ మాత్రం పాతవి వద్దు, డబ్బా మీద పేరు చూసి మురిసిపోయి నకిలీవీ వద్దు. వచ్చిపోయే జబ్బును వెతుకుతున్నప్పుడు అనుమానపు స్పేర్ వేస్తే ఒక జబ్బు రెండవుతుంది.

11. నువ్వు మార్చినచోటే ముందు వెతుకు

బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉందా అని అడిగితే కుర్రాళ్లు నేల చూస్తారు. నూనె పూసే ఎయిర్ ఫిల్టరు వేస్తారు. ఆ నూనె ఎక్కువైతే గాలి కొలిచే సన్నని తీగకు అంటుకుని లెక్క తప్పిస్తుంది. మోత కోసం కెటలిటిక్ కన్వర్టర్ పీకి ఉత్త పైపు పెడతారు. వెనక సెన్సర్ తేడా చూసి పీ0420 వేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ లైటునే ఆర్పించుకుంటారు. లైటుకు నోరు మూసేస్తే రేపు నిజమైన తప్పు వచ్చినప్పుడు చెప్పేవాడు ఉండడు. పైగా శబ్దం, పొగ నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల రూపాయల దాకా జరిమానా, జైలు, లైసెన్సు మీద వేటు కూడా ఉన్నాయి.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ కలిసినకొద్దీ అదే గాలికి ఎక్కువ ఇంధనం పొయ్యాలి. బాగున్న బండి సర్దుకుంటుంది. ఇంజెక్టర్లు మూసుకుపోతున్న, పంపు అలసిపోయిన బండికి ఆ సర్దుబాటు సరిపోక లైటు వస్తుంది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి. మాన్యువల్‌లో ఎంత ఇథనాల్ దాకా ఒప్పుకుంటుందో, ఏ ఆక్టేన్ అడిగిందో ఒకసారి చదవండి.

12. వెతికిన టైముకు డబ్బు ఇవ్వు, బాగైందని రుజువు అడుగు

"పది నిమిషాల పనికి ఇంత కూలా ఉస్తాద్?" అంటారు. పిన్ను మార్చడం పది నిమిషాలే, అది ఏ పిన్నో కనిపెట్టడానికి పొద్దంతా పట్టింది. వెతికిన టైముకు కూలి ఇవ్వని ఓనర్‌కి మెకానిక్ స్పేర్లు అమ్మి బతకాల్సి వస్తుంది. అందులో నష్టం ఓనర్‌దే. ఏం చూశావు, ఎంత రీడింగ్ వచ్చింది, ఏది మార్చావు అని మీరు కాగితం మీద అడగండి. తీసిన పాత స్పేర్ చేతికి తీసుకోండి.

రిపేరు అయ్యాక లైటు లేదని చూసి బండి అప్పగిస్తే పని సగమే. జబ్బు ఎప్పుడు వచ్చేదో అదే పరిస్థితిలో నడపాలి. వేడికి వచ్చేదైతే మధ్యాహ్నం పత్తర్‌గట్టి ట్రాఫిక్‌లో తిప్పాలి. లోడుకు వచ్చేదైతే ఆరాంఘర్-జూపార్కు ఫ్లైఓవర్ మీద, స్పీడు లిమిట్ లోపలే, ఎత్తు ఎక్కించి చూడాలి. వేర్వేరు రోజుల్లో మూడు ప్రయాణాలయ్యాక పెండింగ్ కోడ్ కూడా లేకపోతేనే బాగైనట్టు.

ఒక్క మాట అడుగుతాను, ఇవాళే చెయ్యండి. బండి కాగితాల పక్కన ఒక చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను పెట్టండి. లైటు వచ్చిన ప్రతిసారీ బండి ఆపాక నాలుగు మాటలు రాయండి: కోడ్, వేడి, వాతావరణం, అప్పుడు ఏం చేస్తున్నారు. ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ పుస్తకం చూపించండి. దాన్ని చదవకుండా సెన్సర్ ధర చెప్పేవాడి దగ్గర బండి వదలకండి.